శ్రద్ధ లేదను మాట

మా అక్కయ్య తన పాత ట్రంకుపెట్టె అడుగు నుండి నా ఏడవ తరగతి ప్రోగ్రెసు కార్డు తీసి పంపినది. చెదలు ఒక మూల తిన్నవి గాని, తరగతి ఉపాధ్యాయుల వారి ఎర్రసిరా వ్రాత చెక్కుచెదరలేదు: "తెలివి కలదు. శ్రద్ధ లేదు." ఈ నాలుగు మాటలను నలభై ఏండ్లు నమ్మి బ్రతికినాను. 2023లో, నా 52వ ఏట, ఒక మనోవైద్యుని ముందు ఆ కార్డు పెట్టినప్పుడు ఆయన దానిని రెండుసార్లు చదివి, "మీ మాస్టారు సగం రోగనిర్ణయం అప్పుడే చేసి పెట్టినారండీ" అని నవ్వినారు.

ఆ రోగానికి ఉన్న పేరు పొడుగైనది: అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్. ఏడీహెచ్‌డీ అని పొడి అక్షరాలతో పిలుస్తున్నారు. అక్కయ్య మనుమడికి బడివారి సలహాపై ఈ పరీక్ష జరిగినది. తల్లిదండ్రులు పూరించవలసిన ప్రశ్నల కాగితం ఆమె కళ్ళజోడు పెట్టుకొని చదివి, "ఒరే, ఇందులో వాడికంటె నీవే ఎక్కువ కనిపిస్తున్నావురా" అని ఫోను చేసినది. నేను నవ్వి ఊరకున్నాను. ఆ వారంలోనే దిద్దిన జవాబు పత్రాల కట్టను బస్సులో మరచి దిగినాను. కండక్టరు మంచివాడు కనుక కట్ట దొరికినది, నా పరువు దక్కినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పరిశోధనకు పేరు నమోదు చేసికొని, పందొమ్మిదేండ్లు గడిపి, ఏడు పెట్టెల నిండ నోట్సు వ్రాసి, ఒక్క ప్రకరణమైనా ముగించక, చివరకు నమోదు రద్దయిన మనిషిని నేను. ఎం.ఏ. తరువాత నా పేరు ప్రక్కన మరొక పట్టం లేకపోవడానికి సోమరితనమే కారణమని లోకం అన్నది, నేనును అన్నాను.

ఈ రోగాన్ని తేల్చడానికి రక్తపరీక్ష గాని, మెదడు ఫోటో గాని లేదు. వైద్యుడు ఓపికతో అడిగి తెలిసికోవలసినదే. అమెరికా మనోవైద్యులు 2013లో సవరించిన ప్రమాణ గ్రంథం ప్రకారం లక్షణాలు కొన్ని 12 ఏండ్లకు ముందే కనిపించి ఉండాలి. ఇల్లు, బడి, ఉద్యోగం వీటిలో రెండు చోట్లనైనా బాధించాలి. అనవధానం ఒక వర్గం, చాంచల్యమూ తొందరపాటూ మరొక వర్గం. ఒక్కొక్క వర్గానికి తొమ్మిదేసి లక్షణాలు. ఏదో ఒక వర్గంలో పిల్లలకు ఆరు ఉండాలి. 17 నిండినవారికి అయిదు చాలును. బాల్యం చూచిన సాక్షి కావలసినది అందుకే. అమ్మ లేదు. అక్కయ్యే వచ్చి సాక్ష్యం చెప్పినది: వీధి చివరకు చింతపండు కొరకు పంపితే, సంచీ దుకాణంలో వదలి, తోలుబొమ్మలాట వారి బండి వెంట పొరుగూరి పొలిమేర దాకా పోయినానట. తరువాత వైద్యుడు థైరాయిడు, నిద్ర, దిగులు, మరపు తెచ్చే వీటినన్నిటిని ఒక్కొక్కటిగా విచారించి, మూడవ దర్శనంలో గాని రోగం పేరు ఎత్తలేదు. ఈ నిదానం నాకు నచ్చినది. ఫోనులో పది ప్రశ్నలకు జవాబిచ్చి, ఆ సాయంత్రానికే ఈ పేరును బిరుదువలె తగిలించుకొంటున్న విద్యార్థులను చూస్తున్నాను. వారు ఈ మూడు దర్శనాల సంగతి వినవలె.

కొందరు దీనిని 'అవధాన లోపం' అని తెనిగిస్తున్నారు. తెలుగు పంతులుగా నాకు ఈ మాటతో పేచీ ఉన్నది. కాశీమజిలీ కథలు పట్టుకొంటే అన్నం మాట మరచి తెల్లవారేదాకా చదివిన కుర్రవానికి అవధానం లోపించినదంటే ఎట్లు? ఉన్నది, పెట్టిన చోట నిలువదు. అవధానమంటే ఏమిటో తిరుపతి వేంకట కవులు ఆంధ్రదేశమంతట సభలలో చూపిపోయినారు. పృచ్ఛకులు ఎనిమిదిమంది. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరి నడుపుతారు, ఒకరు గంట కొడుతుంటారు, అప్రస్తుత ప్రసంగి సందు చూచి కొంటె ప్రశ్న వేస్తాడు. అవధాని అందరికీ సమాధానం చెప్పి, చివర ధారణలో పద్యాలన్నీ ఒప్పజెప్పుతాడు. నా తలలోను ఆ ఎనిమిదిమందీ ఉన్నారు. తెల్లవారింది మొదలు సభ జరుగుతూనే ఉన్నది. రానివాడు అవధాని ఒక్కడే.

ఇది ఈ కాలపు వింత అనేవారున్నారు. 1798లోనే స్కాట్లండు వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ నిలకడలేని అవధానాన్ని గూర్చి తన గ్రంథంలో వ్రాసినాడు. 1902లో లండనులో జార్జి స్టిల్ ఇట్టి పిల్లలను గూర్చి ఉపన్యసించి, వారిది నైతిక నిగ్రహంలోని లోపమన్నాడు. మా మాస్టారి ఎర్రసిరా ఆ కోవలోనిదే. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ ఉత్తేజక ఔషధం ఇచ్చి, పిల్లలు కొందరు నెమ్మదించి చదువులో కుదురుకోవడం చూచినాడు. 1968 నాటి అమెరికా గ్రంథం దీనిని బాల్యవ్యాధిగానే పేర్కొన్నది. పెద్దవారిలోను నిలిచి ఉంటుందని వైద్యలోకం ఒప్పుకొనేటప్పటికి మావంటివారి ఉద్యోగాలు సగం గడిచిపోయినవి.

నాకు వ్రాసి ఇచ్చిన మందు మిథైల్‌ఫెనిడేట్; 1944లో స్విట్జర్లండులో తొలుత తయారైనది. మొదటి మాత్ర వేసికొన్ననాడు అద్భుతమేమీ జరుగలేదు. గంట గడిచిన తరువాత, దిద్దుతున్న కట్టలో పదకొండవ పత్రం చేతిలో ఉన్నదని, నడుమ ఒక్కసారియు లేవలేదని గమనించినాను. వీధిలో కూరల బండివాని కేక వినబడినది, వినబడి పోయినది. అంతే. అందరికీ ఇట్లే ఉంటుందా అని మా ఇంటావిడను అడిగినాను. "మరి ఎట్లుంటుందండీ?" అన్నది. నాకు కళ్ళు చెమర్చినవి.

ఆ మాత్ర బలం మూడు నాలుగు గంటలు. ఆకలి మందగిస్తుంది; ప్రొద్దుపోయి వేసికొంటే నిద్ర రాదు; రక్తపోటు, నాడి చూపించుకొంటూ ఉండాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోనిది కనుక చీటీ లేనిదే ఇవ్వరు. మా ఊరి మందుల దుకాణాలలో దొరకక నెలకొకసారి నగరానికి పోతున్నాను. ఆ చీటీని రెండుసార్లు ఇంట మరచి వెళ్ళినానని వేరే చెప్పనక్కర లేదు. గోడమీద పలక, జేబులో చిన్న పుస్తకం, అక్కయ్య ఫోను, ఇవి లేక మాత్ర ఒక్కటే నన్ను నడుపలేదు. ఏడు పెట్టెలును అట్లే ఉన్నవి.

"అందరమూ మరచిపోతాము గదా" అని సహోద్యోగులు అంటారు. దగ్గు అందరికీ వస్తుంది, క్షయ వేరు.

ఇక చెప్పక తీరని విషయం. 2009లో నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పద్యం వినగానే గణవిభజన నోటితో చెప్పేది. వ్యాసం మాత్రం ఎన్నడూ గడువులో ఇవ్వలేదు. అల్లరి లేదు, కిటికీ ప్రక్కన కూర్చుని బయటికి చూచేది. (అల్లరిచేసే మగపిల్లవాని సంగతి పదిమందికీ తెలుస్తుంది, ఇట్టి ఆడపిల్లలు ఎవరి కంటికీ ఆనరు.) మూడవసారి ఆలస్యంగా తెచ్చిన వ్యాసం నేను పుచ్చుకొనలేదు. "తెలివి ఉన్నది గాని శ్రద్ధ లేదమ్మా నీకు" అని తరగతి ఎదుట అన్నాను. నన్ను నలభై ఏండ్లు కాల్చిన మాట అదే. ఆ ఏడు చివర ఆమె చదువు మానినది. ఆమెకు ఈ రోగం ఉన్నదని నేననడం లేదు; అది తేల్చడం వైద్యుని పని, ఉపాధ్యాయులది కాదు. కాని ఎందుకు ఆలస్యమవుతున్నదని ఒక్కసారి అడిగి ఉండవలసినది. అడుగలేదు.

శ్రద్ధ అన్నది విశ్వాసాన్ని, ఆదరాన్ని చెప్పే బరువైన మాట. పుస్తకం ఇంట మరచిన బాలునికి చదువు మీద విశ్వాసమే లేదని తీర్పు వ్రాసే అధికారం మనకెవరిచ్చినారు? కన్నది వ్రాయవచ్చును: లెక్క మొదలుపెట్టి నడుమ విడిచినాడు, మొదటి బల్లమీద కూర్చుండబెట్టి పని సగం సగంగా ఇచ్చినప్పుడు పూర్తి చేసినాడు. ఇట్టి వాక్యం రేపు వైద్యునికి పనికివస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో ఈ రోగం పేరు విడిగా లేదు. ఇట్టి పిల్లవానికి బడిలో దక్కేది చాలవరకు ఉపాధ్యాయుని చూపును బట్టి ఉంటుంది.

ఈ ఏడు అభిప్రాయాల రిజిస్టరు నా వంతుకు వచ్చినప్పుడు, ఒక్కొక్క విద్యార్థికి రెండేసి వాక్యాలు వ్రాసినాను. గడి చాలక అక్షరాలు అంచుల మీదికి పాకినవి. "ఇదేమిటండీ?" అన్నారు ప్రిన్సిపాలుగారు. అదనపు కాగితాలు అంటించుకొనడానికి అనుమతి కోరినాను. ఇంకను రాలేదు.