డబ్బా మీద పేరు

పాతికేళ్ల కిందట తయారైన తెలుగు వెబ్‌సైటు పేజీ ఎవరైనా దాచివుంచితే, దానిని ఇవాళ కొత్త బ్రౌజరులో తెరచి చూడండి. చాలావాటిలో తెలుగు కనబడదు. ఇంగ్లీషు అక్షరాలూ, నెత్తిన చుక్కలున్న ఐరోపా అక్షరాలూ, లెక్కల గుర్తులూ కలగాపులగంగా కనబడతాయి. పేజీ పాడైపోయిందని అనుకుంటాం. నిజానికి అందులో ఒక్క అక్షరమైనా చెడలేదు. రాసినది రాసినట్లే వున్నది.

సంగతేమంటే, కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ఇంగ్లీషు పెద్ద 'ఏ'కు 65 అని అంకె. యూనికోడ్ అనే ప్రపంచ ఒప్పందంలో 1991లోనే మన అక్షరాలకూ అంకెలు దక్కాయి: 'అ'కు 3077, 'క'కు 3093. కాని ఆ అంకెలు చూసి తెలుగు చూపించే శక్తి విండోస్ వున్న ఇళ్లకు 2001లో, ఎక్స్‌పి రాకతో గాని అందలేదు. అందాకా పత్రికలు చేతులు ముడుచుకు కూర్చుంటాయా? కొన్ని పత్రికలు ఒక ఉపాయం చేశాయి. ఇంగ్లీషు, ఐరోపా అక్షరాల అంకెలనే వాడుకుని, ఆ అక్షరాల చోట తలకట్టూ, గుడీ, కొమ్మూ బొమ్మలుగా గీసిన సొంత ఫాంటు పెట్టుకున్నాయి.

మన వంటిళ్లలో జరిగేదీ ఇదే కదా! అత్తగారు కాఫీపొడి డబ్బాలో ఆవాలు, బిస్కట్ల డబ్బాలో మెంతులు పోసుకుంటుంది. ఆవిడ వంటింట్లో వున్నంతకాలం పోపుకు లోటు లేదు. కొత్త కోడలు వచ్చి, డబ్బా మీద పేరు చూసి కాఫీ కలపబోయిందా, ఆవాల కషాయమే! ఇక్కడ ఫాంటు అత్తగారు, కొత్త బ్రౌజరు కోడలు. కోడలి తప్పేమున్నది? పేరు చదివింది, నమ్మింది.

పేజీతోపాటు ఫాంటునూ మూటగట్టి పంపే ఏర్పాటు 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగో కూర్పులో వచ్చింది. ఆ మూట విప్పటం ఆ బ్రౌజరుకే తెలుసు. విండోస్ 10లో ఆ బ్రౌజరుకు మద్దతును మైక్రోసాఫ్టు వారే 2022 జూన్ 15న ముగించారు.

అక్షరాల సంగతే కాదు, కొలతలదీ అదే కథ. 200 చుక్కల వెడల్పు గడి, లోపల రెండు పక్కలా పదేసి చుక్కల ఖాళీ అని రాస్తే, ఎక్స్‌ప్లోరర్ అయిదో కూర్పు ఖాళీతో కలిపి 200 అనుకునేది. ప్రమాణం ప్రకారం అది 220. ఆ పాత లెక్కతో అమర్చిన గడులు నేడు ఒకదాన్నొకటి తోసుకుని కిందికి జారుతాయి.

మరి జెనీవాలో టిమ్ బెర్నర్స్‌లీ పెట్టిన మొట్టమొదటి వెబ్ పేజీ ఇప్పటికీ చక్కగా చదవవస్తున్నదే! అందులో వున్నవి మామూలు ఇంగ్లీషు అక్షరాలు, కొద్దిపాటి సాదా గుర్తులు. రహస్యమేమీ లేదు. అంచేత చదివేవాడు మారినా చదువు ఆగలేదు.

మీ ఇంట్లో నాన్నగారి వ్యాసమో, అమ్మగారి కథో అలాంటి పాత ఫాంటులో టైపు చేసి వున్నదేమో చూడండి. ఒక్కొక్క ఫాంటుది ఒక్కొక్క అమరిక. కనుక ముందుగా ఫాంటు పేరు రాసిపెట్టుకోండి. ఆ ఫాంటు నుంచి యూనికోడులోకి మార్చే సాధనం దొరికితే మార్చి, పాత ప్రతితో సరిచూసుకోండి. పాత ప్రతినీ, ఫాంటునూ పారవేయకండి. ఏ డబ్బాలో ఏమున్నదో చెప్పగలవారు ఇంట్లో వుండగానే పేర్లు సరిగా రాసుకోవటం మంచిది.