కడబంతికి మిగిలేదెంత?

మన సాలూరు నియోజకవర్గంలోని మెంటాడ మండలం మర్రివలస, దాన్ని ఆనుకుని ఉన్న దత్తిరాజేరు మండలం చినమేడపల్లి. ఈ రెండు గ్రామాల దగ్గర కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 ఆగస్టు 25న శంకుస్థాపన చేశారు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో రాసిన హామీ ఇది. 2019లో పార్లమెంటు చట్టం చేసింది. అదే ఏడాది విజయనగరం పక్కన కొండకరకంలో, ఆంధ్రా విశ్వవిద్యాలయం పాత పీజీ కేంద్రంలో తరగతులు మొదలయ్యాయి. మొదట రెల్లి అన్నారు, తరువాత ఇటు మార్చారు. ఎన్ని ఎకరాలు, ఎన్ని భవనాలు, ఎన్ని కోట్లు అని ఇప్పటికీ లెక్కలు అడుగుతూనే ఉన్నాం. అడగాలి కూడా.

కానీ ఇంకో లెక్క ఎవరూ అడగడం లేదు. ఆ భవనాల్లో పాఠం చెప్పేవాడికి ఏమిస్తారు? ఒకే పాఠం చెప్పే ఇద్దరికి ఒకే జీతం ఇస్తారా? జీతాల్లో తేడాలు సరిచేయడానికి కొద్దిపాటి డబ్బు వచ్చిందనుకుందాం. అది ముందు ఎవరి విస్తట్లో పడాలి?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. విశ్వవిద్యాలయాల్లో వడ్డించేవాళ్లంతా మొదటి బంతిలోనే కూర్చుంటారు. కడబంతి వాళ్లకు గరిటె అందదు. గొడవంతా అక్కడే.

ఎవరికెంత?

ఏడో వేతన సవరణ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ చేరేనాటి మూలవేతనం 57,700 రూపాయలు. అసోసియేట్ ప్రొఫెసర్‌కు 1,31,400. ప్రొఫెసర్‌కు 1,44,200. వీటి మీద డీఏ, ఇంటి అద్దె వేరు. ఏటా 3 శాతం ఇంక్రిమెంటు వేరు. ఇది రెగ్యులర్ వాళ్ల సంగతి.

గెస్టు అధ్యాపకుడికి 2019 జనవరిలో యూజీసీ పెట్టిన లెక్క పాఠానికి 1,500 రూపాయలు, నెలకు 50 వేలకు మించకూడదు. ఆ 50 వేలు కూడా పై హద్దే. పాఠాలు తగ్గితే డబ్బు తగ్గుతుంది. సెలవులొస్తే అదీ లేదు. అర్హత మాత్రం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఏముండాలో అదే ఉండాలని అదే యూజీసీ రాసింది. అదే నెట్, అదే పీహెచ్‌డీ, అదే సిలబస్, అదే బ్లాక్‌బోర్డు.

ఇప్పుడు డీఏ చూడండి. 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన డీఏ 12 శాతం. 2025 జూలై నాటికి 58 శాతం. అంటే కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మూలవేతనం, డీఏ రెండూ కలిపితే అప్పట్లో 64,624 రూపాయలు, 2025 జూలై లెక్కన 91,166. ఎవరూ ధర్నా చేయలేదు, వినతిపత్రం ఇవ్వలేదు. దానంతటదే పెరిగింది. అది న్యాయమే. బియ్యం ధర పెరిగితే జీతం పెరగాలి. మరి గెస్టు తినేది బియ్యం కాదా? అతని 50 వేలకు డీఏ కలవదు.

శాతం అనే మాయ

జీతాల తేడా సరిచేద్దాం అనగానే మన పెద్దలు చెప్పే మాట ఒకటుంది: "అందరికీ ఒకే శాతం పెంచుదాం, ఎవరికీ అన్యాయం ఉండదు." వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే బండారం బయటపడుతుంది.

ఒక శాఖ ఉందనుకుందాం. యూజీసీ చెప్పే 1:2:4 నిష్పత్తిలో ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్లు, నలుగురు అసిస్టెంట్లు. వాళ్లతోపాటు ముగ్గురు గెస్టులు, ఒక్కొక్కరికి 50 వేలు. సర్దుబాటుకు నెలకు లక్ష రూపాయలు దొరికాయి. ఇది ఊహించి వేసిన లెక్కే, కానీ జీతాలు మాత్రం అసలువి.

మూలవేతనాల మీద శాతం చొప్పున పంచితే ప్రొఫెసర్‌కు సుమారు 18,300, అసోసియేట్‌కు 16,700, అసిస్టెంట్‌కు 7,300, గెస్టుకు 6,350. తేడా తగ్గించడానికి వచ్చిన డబ్బే తేడాను పెంచింది! పంచకముందు ప్రొఫెసర్ మూలవేతనానికీ గెస్టు పారితోషికానికీ మధ్య దూరం 94,200. పంచాక లక్షా ఆరు వేలు దాటింది.

పోనీ, పదిమందికీ సమానంగా తలా పదివేలు ఇద్దామా? ఇది కొంత నయం. తేడా పెరగదు. కానీ తగ్గదు కూడా. ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

సాలూరు వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. లారీల మీద బతికే ఊరు మనది. పది టైర్ల లారీకి గాలి కొట్టేటప్పుడు అన్ని టైర్లకూ సమానంగా కొడతామా? ఏ టైరులో గాలి తగ్గిందో చూసి దానికి కొడతాం. సుంకి ఘాటు ఎక్కాల్సిన బండికి ఒక్క టైరు కూర్చున్నా మిగతా తొమ్మిదీ బాగున్నాయని సంబరపడలేం.

అదే లక్షను ముందు గాలి తగ్గిన చోట పెట్టండి. గెస్టుకూ కొత్త అసిస్టెంట్‌కూ మధ్య తేడా 41,166. లక్షను ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి 33 వేలు దాటుతుంది. తేడాలో ఐదింట నాలుగు వంతులు ఒక్క దెబ్బతో తీరిపోతుంది. లక్ష అదే. పంచే తీరు మారింది, అంతే.

హోదా వేరు, అన్యాయం వేరు

"అయితే ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పి, పరిశోధన చేసి పైకొచ్చిన ప్రొఫెసర్‌ది దోపిడీ అంటారా?" అని అడిగేవాళ్లున్నారు. అనం. ప్రొఫెసర్ కావడానికి పదేళ్ల అనుభవం కావాలి, అసోసియేట్‌కు ఎనిమిదేళ్లు. పరిశోధకులకు దారి చూపాలి, శాఖ నడపాలి. బాధ్యత పెరిగితే జీతం పెరగాలి. హోదాకూ హోదాకూ మధ్య తేడా అన్యాయం కాదు.

పని ఒకటే, అర్హత ఒకటే, జీతం రెండు. అన్యాయం అంటే అది. సర్దుబాటు నిధి దానికోసమే.

ఈ కొలబద్ద పై మెట్లకూ వర్తిస్తుంది. పదోన్నతి ఇంటర్వ్యూలు ఏళ్ల తరబడి పెట్టకపోతే, అర్హత వచ్చిన అసిస్టెంటు పాత మెట్టు మీదే ఉండిపోతాడు. అసిస్టెంట్ చివరి మెట్టు నుంచి అసోసియేట్ మెట్టుకు జీతంలో పెద్ద దూకుడుంది కనుక నష్టం కూడా పెద్దదే. పిల్లల్ని కని, పెంచి, పరిశోధన ఆలస్యమైన మహిళా అధ్యాపకురాలు తనతో చేరిన మగవాడికంటే వెనకబడుతుంది. ఇవీ అన్యాయాలే. వీటికీ నిధిలో వాటా ఉండాలి. అందుకే మా ప్రతిపాదన: మూడు వంతులు కడబంతికి, ఒక వంతు ఒకే హోదాలోని తేడాలకు. ప్రొఫెసర్ల సాధారణ పెంపుకు ఈ నిధిలోంచి పైసా వద్దు. వాళ్లకు డీఏ ఉంది, ఇంక్రిమెంటు ఉంది, వేతన సవరణ ఉంది. దానంతటదే పెరిగే జీతం ఉన్నవాళ్లు, ఏదీ పెరగనివాళ్ల నిధికి చేయి చాచకూడదు.

డబ్బు లేదంటారు

నిజమే, నిధులు తక్కువ. ఆరో వేతన సవరణ అప్పుడు రాష్ట్ర విశ్వవిద్యాలయాల మీద పడిన అదనపు భారంలో 80 శాతం కేంద్రం భరించింది, అదీ 2010 మార్చి వరకే. ఏడో సవరణకు 50 శాతమే అంది, అదీ 2019 మార్చి వరకే. ఆ తరువాత భారమంతా రాష్ట్రం మీద. భారం పడ్డ రాష్ట్రం ఏం చేస్తుంది? రెగ్యులర్ పోస్టు నింపదు. అదే పనికి తక్కువ డబ్బుతో గెస్టును, అకడమిక్ కన్సల్టెంటును పెడుతుంది. పెద్ద స్కేళ్ల బరువు చివరికి మోసేది ఎవరు? స్కేలే లేనివాడు.

చట్టం దీన్ని ఒప్పుకుంటుందా? యూజీసీ 2018 నిబంధనలు చదవండి. కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతం దాటకూడదు. వాళ్లకిచ్చేది రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం నెల జీతానికి తగ్గకూడదు. అందుకే "కాంట్రాక్టు" అనే మాట తీసేసి "గెస్టు" అన్నారు, "కన్సల్టెంటు" అన్నారు. పేరు మారిస్తే పని మారుతుందా? పంజాబ్ ప్రభుత్వం, జగ్జీత్ సింగ్ కేసులో 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది: ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ స్కేలులో కనీస వేతనం ఇవ్వాలి. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులోనూ అదే చెప్పింది. వాళ్లు నెలకు 30 వేలతో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాళ్లు.

ఇది మన లెక్క కూడా

మన వెనకబాటు గురించి మాట్లాడేటప్పుడు మనం ఏమంటాం? ఉమ్మడి డబ్బును "అందరికీ సమానం" అని పంచితే ముందున్నవాడు ముందే ఉంటాడు, వెనకున్నవాడు వెనకే ఉంటాడు అంటాం. వెనకబడిన ప్రాంతానికి ముందు ఇవ్వాలంటాం. 1973 ఆరు సూత్రాల పథకంలోంచి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టింది ఆ వాదనతోనే. ప్రాంతాల మధ్య ఒక న్యాయం, శాఖలో పదిమంది మధ్య ఇంకో న్యాయం ఉండవు.

పైగా రేపు ఆ కడబంతిలో కూర్చునేది ఎవరు? పాచిపెంట, మక్కువ కొండల నుంచి దిగి, ఆశ్రమ పాఠశాలలో చదివి, డిగ్రీ చేసి, పీహెచ్‌డీ పట్టుకుని వచ్చే జాతాపు, గదబ, కొండదొర పిల్లలు. రెగ్యులర్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. గెస్టు ఉద్యోగమే వాళ్లకు మొదటి మెట్టు. ఆ మెట్టు విరిగి ఉంటే పైమెట్టు ఎంత నున్నగా ఉంటే ఏం లాభం? సగం ఏడాదికే గెస్టు మాస్టారు వేరే బతుకుతెరువు చూసుకుపోతే, నష్టపోయేది కువి మాట్లాడే ఇంటి నుంచి వచ్చి మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కిన విద్యార్థి.

2025లో కేంద్రం ఎనిమిదో వేతన సంఘాన్ని ఏర్పాటు చేసింది. దాని వెనకే అధ్యాపకుల స్కేళ్ల సవరణ వస్తుంది. స్కేళ్లు పెరిగాక అడిగితే ఖజానా ఖాళీ అంటారు. ఇప్పుడే అడగాలి.

ఒకటి, ప్రతి విశ్వవిద్యాలయం హోదాలవారీగా ఎవరికెంత ఇస్తోందో గెస్టులతో సహా నోటీసు బోర్డు మీద పెట్టాలి. రెండు, పంచే సంఘంలో ప్రొఫెసర్లే కాదు, అసిస్టెంట్లు, గెస్టులు కూడా ఉండాలి. మూడు, పాఠానికింత అనే కూలి లెక్క పోయి, కనీస స్కేలు, డీఏ రావాలి. నాలుగు, సర్దుబాటు నిధిలో మూడు వంతులు ముందు కడబంతికి పోవాలి. ఐదు, ఏ పద్ధతిలో పంచారో కాగితం మీద రాసి అందరికీ చూపాలి.

మర్రివలసలో గోడలు ఎవరైనా కడతారు. ఆ గోడల మధ్య వడ్డన ఎలా జరగాలో మాత్రం మనమే అడగాలి. ఆ అడగడం మొదటి బంతి లేచిపోకముందే జరగాలి.