క్లచ్ జారితే తప్పు వెనక కూర్చున్నదానిదా?

"అన్నా, ఎనక బరువెక్కువైతే ప్లేట్లు ఆగుతయా?" అన్నాడు మెకానిక్. వెనక కూర్చునేది నేనే. మా ఆయన నవ్వారు. మర్యాదకు నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ నవ్వు నాకు అరగలేదు.

సంగతి ఇదీ. కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే బండి అరుస్తోంది కానీ లాగడం లేదు. రేస్ ఇస్తే సౌండ్ పెరుగుతోంది, స్పీడ్ పెరగడం లేదు. పక్క నుంచి నిండుగా ఎక్కించుకున్న ఆటోలు కూడా దాటిపోతున్నాయి. మెకానిక్ ఒక రౌండ్ కొట్టొచ్చి, "ప్లేట్లు పోయినయ్, ఇంజన్ విప్పాలె" అని ఖర్చు చెప్పాడు. అది నేను పాప బస్సు ఫీజుకని డబ్బాలో దాచిన దానికి కొంచెం అటూ ఇటూ.

"ముందు క్లచ్ వైర్ చూస్తే?" అన్నాను.

"నీకేం తెలుసు, నువ్వూకో" అన్నారు మా ఆయన.

నాకు తెలిసింది ఒక్కటే. పది రోజుల కింద మా మరిది కొత్త వైర్ వేసి, "వదినా, ఇప్పుడు చూడు ఎంత టైటుగున్నదో!" అని మురిసిపోయాడు. ఈ గోల మొదలైంది ఆ తర్వాతే. కూర చెడితే కొత్తగా ఏం వేశామో గుర్తు చేసుకోమా? బండికీ అంతే కదా.

క్లచ్ అంటే బ్రహ్మవిద్య కాదు. ఇంజన్ లోపల, ఆయిల్‌లో మునిగి కొన్ని ప్లేట్లుంటాయి. స్ప్రింగులు వాటిని గట్టిగా నొక్కి పట్టుకుంటాయి కాబట్టే ఇంజన్ బలం చక్రానికి చేరుతుంది. లివర్ నొక్కితే ఆ పట్టు వదులుతుంది. వైర్ మరీ బిగుతుగా ఉంటే మనం నొక్కకపోయినా నొక్కినట్టే. పట్టు సగమే ఉంటుంది, ప్లేట్లు జారుతాయి, రుద్దుకుని వేడెక్కుతాయి. అందుకే లివర్ పట్టగానే క్లచ్ పని మొదలవకూడదు, ముందు కాస్త ఖాళీగా కదలాలి. చాలా బండ్లకు లివర్ కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్లు. మీ బండికి ఎంతో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. మా బండికి ఆ ఖాళీ అసలు లేదు.

ఆదివారం పొద్దున నేను పుస్తకం చదివాను, ఆయన పానా పట్టారు. లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్ తిప్పి, ఖాళీ వచ్చాక మళ్లీ బిగించారు. టీ చల్లారేలోపు అయిపోయింది. మళ్లీ అదే బ్రిడ్జి, వెనక అదే బరువు. బండి ఎక్కింది. డబ్బా మూత తీసే పని పడలేదు. ఇంకో నెల అలాగే నడిపి ఉంటే మాత్రం ప్లేట్లు నిజంగానే కాలిపోయేవి.

మెకానిక్కులంతా మోసగాళ్లని నేననను. ప్లేట్లు నిజంగా అరుగుతాయి, స్ప్రింగులు నిజంగా బలం తగ్గుతాయి. కానీ విప్పే ముందు చూడాల్సినవి ఉన్నాయి. ఒకటి, లివర్ దగ్గర ఖాళీ. ప్లేట్లు అరిగేకొద్దీ కూడా అది తగ్గుతుంది, కాబట్టి నెలకోసారి చూడాలి. రెండు, ఆయిల్. కారుకు పోయగా మిగిలిందనో, స్కూటీది ఉందనో బైకులో పోయకండి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉంటే అది మామూలుగా స్కూటర్లది, బైకు ప్లేట్లు అందులో జారవచ్చు. మూడు, నడిపేవారి ఎడమ చెయ్యి. హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో ఎప్పుడూ హాఫ్ క్లచ్ మీదే నడిపితే ఏ ప్లేటూ ఆగదు. నన్ను బరువన్న రోజు నుంచి నేను ఆ వేళ్లనే చూస్తున్నాను! ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా జారుతుంటే అప్పుడు విప్పించండి. తీసిన పాత ప్లేట్లు చూపించమనండి. స్ప్రింగులు మారిస్తే అన్నీ కలిపి మార్చాలి. కొత్త ప్లేట్లు ఆయిల్‌లో నానబెట్టాకే వేయాలి.

"బండి మగవాళ్ల సంగతి" అంటారు. మరి బండి ఖర్చు ఎవరి సంగతి? పిల్లను ముందు కూర్చోబెట్టుకుని ములుగు రోడ్డులో లారీని దాటబోయేటప్పుడు బండి లాగకపోతే, ఆ ప్రాణాలు ఎవరి సంగతి?

క్లచ్ లేని బండి ఆడవాళ్ల బండి అని ఇంకో వెక్కిరింత. 1958లో జపాన్‌లో హోండా సూపర్ కబ్‌కు క్లచ్ లివర్ తీసేసింది ఎవరిని తలచుకునో తెలుసా? ఒక చేత్తో నూడుల్స్ ట్రే పట్టుకుని, ఇంకో చేత్తో బండి నడిపే డెలివరీ కుర్రాళ్లను!

తప్పు మనదీ ఉంది అక్కలూ. "నాకేం తెలుసు" అనడం మనకూ హాయిగానే ఉంది. గ్యాస్ రెగ్యులేటర్, మిక్సీ, మోటార్ స్విచ్ అన్నీ మనమే చూసుకుంటాం కానీ బండి దగ్గర కొంగు సర్దుకుని పక్కకు నిలబడతాం. ఈ ఆదివారం స్టాండ్ వేసి ఉన్న బండి దగ్గరికెళ్లి ఆ ఎడమ లివర్‌ను వేలితో మెల్లగా లాగి చూడండి. ఖాళీ లేకపోతే ఇంట్లో చెప్పండి. "నువ్వూకో" అంటే ఊకోకండి.