మిల్లీమీటరు తరంగములు – మన కర్తవ్యము

హైదరాబాదు నగరమునకు ఖగోళశాస్త్రము క్రొత్తది కాదు. 1901లో నవాబు జఫర్ జంగు స్వంత ధనముతో కొనిన 15 అంగుళముల దూరదర్శినితో ఇచ్చట నిజామియా వేధశాల వెలసినది. ఏడు లక్షలకు మించిన నక్షత్రముల స్థానములను అది ప్రపంచపట్టికకు సమర్పించినది. అబిడ్సునకు కూతవేటు దూరముననున్న నిజాం కళాశాలలో చదివిన వేణు బప్పు 1949లో మఱి యిద్దరితో గూడి ఒక తోకచుక్కను కనుగొనెను. 1968లో జపాల్–రంగాపురమున 48 అంగుళముల దూరదర్శిని నెలకొనెను. ఇట్టి నగరము మిల్లీమీటరు తరంగముల ఖగోళశాస్త్రమును పరుల సొత్తని చూచుచు కూర్చుండుట తగదు.

నక్షత్రములు జన్మించునది అతిశీతలమగు వాయుమేఘముల గర్భమున. అందలి ధూళి వెలుగును బయటకు రానీయదు. ఎంతటి కటకమునకైనను ఆ పురిటిగది కానరాదు. మిల్లీమీటరు రేడియోతరంగములు మాత్రము ధూళిని దాటి వచ్చును. 1970లో ఓరయను నీహారికనుండి కార్బన్ మోనాక్సైడు వాయువు పంపు 2.6 మిల్లీమీటర్ల తరంగమును పట్టిరి. 2019లో లోకము చూచిన కృష్ణబిలపు ఛాయాచిత్రము 1.3 మిల్లీమీటర్ల తరంగముల ఫలమే.

ఈ విద్యకు బీజము నాటినది భారతీయుడు. 1895లో కలకత్తాలో జగదీశచంద్ర బోసు ఇట్టి సూక్ష్మతరంగములతోడనే దూరమునుండి గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చెను. గెలీనా స్ఫటికముతో ఆయన చేసిన గ్రాహకమునకు 1904లో అమెరికా పేటెంటు లభించెను. విత్తు మనది; పంట మాత్రము పరుల గాదెలకు చేరినది.

గాలిలోని నీటియావిరి ఈ తరంగములను మ్రింగివేయును. అందుచేతనే చిలీ దేశపు అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున, 66 ఆంటెన్నాలు నిలిపిరి. దక్కను పీఠభూమి అందులకు తగదు. ఐనను దూరదర్శిని ఎచ్చటనున్నను, దానికి చెవియగు గ్రాహకయంత్రము కార్ఖానాలో పుట్టవలసినదే. దాని సూత్రము మన ఇండ్ల రేడియోలోనిదే: వచ్చిన తరంగమును లోపల పుట్టించిన మఱియొక తరంగముతో కలిపి, తేడాను తీసికొని హెచ్చించుట. కాని ఇచ్చట ఆ కలయిక నియోబియము పొరల నడుమ, −269 డిగ్రీల చలిలో జరుగవలెను. యంత్రపు సొంతరొద అణగిననే ఆకాశపు సన్నని ధ్వని వినబడును.

ఇది మనకు అసాధ్యమా? బెంగుళూరులో రామన్ పరిశోధనాలయమువారు 10.4 మీటర్ల మిల్లీమీటరు దూరదర్శినిని నిర్మించిరి. లడఖులోని హన్లేలో 2024లో ప్రారంభమైన 21 మీటర్ల గామాకిరణ దూరదర్శినిని మన నగరపు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనే నిర్మించినది. చేతులున్నవి, సంకల్పమే కావలెను.

ఉస్మానియా విశ్వవిద్యాలయమును, ఈ కార్పొరేషనును కలసి గ్రాహకయంత్రముల ప్రయోగశాల నొకదానిని స్థాపింపవలెనని మా కోరిక. దేశీయవస్తువులను జనులకు చూపుటకై ఉస్మానియా పట్టభద్రులు 1938లో ఆరంభించిన నుమాయిషు నేటికిని ఏటేట నాంపల్లిలో జరుగుచున్నది. అందు మిఠాయి దుకాణముల ప్రక్కన, మన యువకులు చేసిన గ్రాహకయంత్ర మొకటి నిలుచు దినము రావలెను. పఠనమందిరములలో ఈ విషయము చర్చించి, విశ్వవిద్యాలయమునకు విన్నపములు పంపుడు. కోరని ప్రజలకు విజ్ఞానము దానముగా లభింపదు.