పాత ఆర్గన్‌కు కొత్త మెరుగులెందుకు?

దక్షిణ ఫ్రాన్స్‌లో సెయింట్ మాక్సిమిన్ అనే ఊరి చర్చిలో ఉన్న పైప్ ఆర్గన్ గురించి అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. విప్లవం రోజుల్లో చర్చి ఆర్గన్‌ల తగరం, సీసం గొట్టాలను కరిగించేస్తుంటే, నెపోలియన్ తమ్ముడు లూసియన్ దానిమీద విప్లవగీతం మార్సెయేజ్ వాయింపజేసి కాపాడాడట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ డొమినికన్ సన్యాసి జాన్ ఎస్ప్రి ఇస్నార్ 1774లో పూర్తిచేసిన ఆ వాద్యం ఈనాటికీ చాలావరకు ఆనాటి గొంతుతోనే పలుకుతోందంటే ఆ ఘనత ఒక్క పాటకే కట్టబెట్టలేం. 19వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్ల అభిరుచి మారింది. నాదస్వరంలా ఖంగుమనే ట్రంపెట్ గొట్టాలు మోటుగా తోచాయి, ఆర్కెస్ట్రాలా ఉబికి తగ్గే మెత్తని ధ్వని కావాలన్నారు. డబ్బున్న చర్చిలు పాత వాద్యాలను తిరగదోడించుకున్నాయి. నాలుగు మెట్ల వరుసలు, దాదాపు 3 వేల గొట్టాలున్న ఈ వాద్యం మాత్రం పెద్దగా చెయ్యి పడకుండా బయటపడింది. ఊళ్లో కాసులు లేకపోవడమే దానికి కలిసొచ్చిందేమో!

మార్పు వల్ల పోయేదేమిటో ఒక్క గొట్టాన్ని చూస్తే తెలుస్తుంది. గొట్టం ఎంత పొడవుంటే శ్రుతి అంత కిందికి ఉంటుంది. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆర్గన్‌ల శ్రుతి ఇప్పటికంటే బాగా కింద. దాన్ని పెంచడానికి సులువైన మార్గం గొట్టం కొస కోసేయడం. పాత శ్రుతికీ, గాంధారం తేటగా పలికేలా అప్పటివాళ్లు సర్దుకున్న స్వరాంతరాలకూ ఉన్న సాక్ష్యం ఆ కోసిన ముక్కతోనే పోతుంది. స్వరకర్త కూపరిన్ 1690లో ఆరాధనకు రాసిన ఆర్గన్ సంగీతం ఆ అంతరాల మీద నిలబడినదే. పోయినా మళ్లీ చేయించుకోవచ్చు, బోర్డోలో చేయలేదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే. అక్కడి సెంట్ క్రువా చర్చికి డాం బెడోస్ అనే సన్యాసి 1748లో కట్టిన ఆర్గన్ గొట్టాలను తర్వాతి శతాబ్దంలో వేరే చర్చికి తరలించినా, 1997 నాటికి దాన్ని తొలిరూపానికి తెచ్చారు. అయితే పాత గొట్టాలు మిగిలే ఉన్నాయి, పైగా కట్టినవాడే ఆర్గన్ నిర్మాణంపై పెద్ద గ్రంథం రాసిపెట్టాడు. ఆ అదృష్టం ఎన్ని వాద్యాలకుంది?

ఇంతకంటే గట్టి అభ్యంతరం పారిస్ నోత్రదామ్ నుంచి వస్తుంది. 1868లో ఆర్గన్ నిర్మాత కవయే-కోల్ అక్కడి పాత ఆర్గన్‌ను దాదాపు కొత్త వాద్యంగా మార్చేశాడు. ఫలితం అద్భుతం, కాదనలేం. కానీ మహానిపుణుడు చేసిన సాహసం ప్రతి మరమ్మతుదారుకూ అనుమతిపత్రం కాదు. అలాగని కవయే-కోల్ పనిని చెరిపేసి ఇంకా వెనక్కి పోవాలని కూడా ఎవరూ అనకూడదు, ఇప్పుడు అదీ చరిత్రే. 2019 అగ్నిప్రమాదంలో ఆ ఆర్గన్ కాలలేదు గానీ సీసపు ధూళి పట్టింది. సుమారు 8 వేల గొట్టాలున్న వాద్యాన్ని విప్పి, తుడిచి, మళ్లీ అమర్చి, 2024 డిసెంబరులో పలికించారు. మరమ్మతు అంటే అంతవరకే ఉండాలి. మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరుచేసిన 1905 చట్టం తర్వాత ఫ్రాన్స్‌లో పాత చర్చిలు చాలావరకు ప్రభుత్వానివో పురపాలికలవో. కాబట్టి మరమ్మతు ఒప్పందంలో షరతు పెట్టాల్సిందీ వాళ్లే: గొట్టం మీద రంపం పెట్టే ముందు దాని కొలత, కోయడానికి కారణం కాగితం మీదికి ఎక్కాలి.