మగతనం నిల్వ ఉండే సరుకు కాదు

బస్టాండు వెనక ప్రహరీ గోడ మీదా, రైల్వే స్టేషను మరుగుదొడ్డి తలుపు మీదా, వారపత్రికల వెనక పేజీల్లోనూ ఒకే ప్రకటనను మన మూడు తరాల మగవాళ్ళు చదివారు. హస్తప్రయోగం, స్వప్నస్ఖలనం, నరాల బలహీనత. ఫలానా లాడ్జిలో, ఫలానా తేదీన డాక్టరుగారు దొరుకుతారు. ఇప్పుడా గోడ సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. నరాల బలహీనత ఉన్న చోట ‘లో టెస్టోస్టెరాన్’ అనీ, లేహ్యం ఉన్న చోట ‘టెస్టో బూస్టర్’ అనీ రాస్తున్నారు. లాడ్జి గదిలోని పెద్దమనిషికి బదులు కండలు తిరిగిన కుర్రాడు మాట్లాడుతున్నాడు. అమ్ముడుపోతున్న నమ్మకం మాత్రం అదే. మగతనం ఒంట్లో నిల్వ ఉండే ఒక పదార్థమట. అజాగ్రత్తగా ఉంటే కారిపోతుందట, డబ్బు పెడితే మళ్ళీ నిండుతుందట.

ఈ నమ్మకానికి మూలం పాతది. అన్నం రసమై, రసం రక్తమై, చివరికి ఏడో ధాతువుగా శుక్రం తయారవుతుందని ఆయుర్వేదం చెప్పింది. నలభై చుక్కల నెత్తురు ఒక్క వీర్యపు చుక్క అని జనం లెక్క కట్టారు. నిద్రలో లుంగీ తడిస్తే జీవితం అయిపోయిందని కుమిలిపోయే కుర్రాళ్ళను చూసి, మన దేశపు మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ఆ బాధకు ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఇది మనకొక్కరికే ఉన్న జబ్బు కాదు. స్విట్జర్లాండ్ వైద్యుడు టిస్సో 18వ శతాబ్దంలోనే ఔన్సు వీర్యం పోతే నలభై ఔన్సుల నెత్తురు పోయినట్టేనని పుస్తకం రాసి యూరప్‌నంతా భయపెట్టాడు.

శరీరం లోపల జరిగేది వేరు. వీర్యంలో ఎక్కువ భాగం శుక్రకోశాల నుంచీ ప్రోస్టేట్ గ్రంథి నుంచీ వచ్చే ద్రవం. అందులో వీర్యకణాల వాటా నూటికి కొద్ది పాళ్ళే. మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్‌ను వృషణాల్లోని లైడిగ్ కణాలు తయారు చేసి నేరుగా రక్తంలోకి వదులుతాయి. దాని దారి వేరు, వీర్యం దారి వేరు. వీర్యం బయటికి పోయినంత మాత్రాన టెస్టోస్టెరాన్ తరిగిపోదు. విజయవాడ నాస్తిక కేంద్రం కుటుంబం నుంచి వచ్చిన డాక్టర్ సమరం లాంటి వాళ్ళు దశాబ్దాలుగా పత్రికల్లో ఈ మాటే ఓపిగ్గా చెబుతూ వచ్చారు. అయినా ఆ భయం ఇంకా పోలేదు.

సైన్సు కూడా ఇక్కడికి తిన్నగా రాలేదు. 1849లో గోటింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త కోడిపుంజుల వృషణాలు తీసేశాడు. తుర్రాయి ముడుచుకుపోయింది, కూత పోయింది. తీసిన వృషణాన్ని పొట్టలో అతికిస్తే, నరాల సంబంధం లేకుండానే రెండూ తిరిగొచ్చాయి. రక్తం ద్వారా ఏదో అందుతోందని తెలిసింది. నలభై ఏళ్ళ తర్వాత, 1889 జూన్ 1న, పారిస్‌లో 72 ఏళ్ళ బ్రౌన్ సెకార్ అనే పేరుమోసిన వైద్యుడు శాస్త్రవేత్తల సభలో లేచి, కుక్కల, గినీ పందుల వృషణాల సారాన్ని సూదితో ఎక్కించుకున్నాననీ, తన బలం తిరిగొచ్చిందనీ ప్రకటించాడు. ఏడాది తిరక్కుండా ఆ ద్రవం అంగళ్ళకెక్కింది. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు అదే పద్ధతిలో సారం తీసి కొలిచారు. అందులో ఉన్న టెస్టోస్టెరాన్ దేనికీ చాలదని తేలింది. వృషణం దాన్ని తయారు చేస్తుందే కానీ దాచుకోదు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకర్ బృందం తొలిసారి శుద్ధమైన టెస్టోస్టెరాన్‌ను వేరు చేసినప్పుడు, 100 కిలోల ఎద్దు వృషణాల నుంచి దక్కింది 10 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుడైన మగవాడి శరీరంలో తయారయ్యేది రోజుకు సుమారు 4 నుంచి 7 మిల్లీగ్రాములు. బ్రౌన్ సెకార్ అంతటివాడికి కలిగిన అనుభవం నిజమే, దాని కారణమే తప్పు. మందు పని చేస్తుందని గట్టిగా నమ్మినవాడికి కొన్నాళ్ళు హుషారు వస్తుంది. లాడ్జి వైద్యానికీ, ‘బూస్టర్’ డబ్బాల వ్యాపారానికీ సాక్ష్యం చెప్పేది ఈ హుషారే.

మాంసం కొట్లో వృషణాలు ప్రత్యేకంగా అడిగి తీసుకెళ్ళేవాళ్ళూ ఆ వంద కిలోల లెక్క చూడాలి. తిన్న కాస్త టెస్టోస్టెరాన్‌నూ ఒళ్ళంతా పాకక ముందే కాలేయం చాలావరకు విరిచేస్తుంది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మగసిరి కోసం గాడిద మాంసం తింటున్నారు. ఆహార భద్రతా నిబంధనలు అనుమతించిన జంతువుల్లో గాడిద లేదు. కోసే చోట పశువైద్యుడి తనిఖీ ఉండదు. 2012 నుంచి 2019కి దేశంలో గాడిదల సంఖ్య 61 శాతం పడిపోయింది. అందుకు మాంసం ఒక్కటే కారణం కాదు కానీ, ఒక మూగజీవిని ఈ భ్రమ కోసం చంపడం నాకు మింగుడుపడదు.

ఈ నమ్మకం చేసిన అన్నిటికంటే పెద్ద అన్యాయం మాత్రం మన ఇళ్ళలోనే ఉంది. వేసెక్టమీ చేయించుకుంటే మగవాడు బరువు ఎత్తలేడని, సంసారానికి పనికిరాడని మనవాళ్ళ భయం. ఆ ఆపరేషన్‌లో కత్తిరించేది వీర్యకణాలు వెళ్ళే సన్నని గొట్టాలను మాత్రమే. టెస్టోస్టెరాన్ వాటిలోంచి వెళ్ళదు. 1920లలో వియన్నాలో స్టైనాక్ అనే శాస్త్రవేత్త ఇదే ఆపరేషన్‌ను ముసలితనం పోగొట్టి మగతనం పెంచేదిగా ప్రచారం చేశాడు. 1923లో సిగ్మండ్ ఫ్రాయిడ్, 1934లో కవి యేట్స్ అది చేయించుకున్నారు. అక్కడ మగతనం పెంచుతుందన్న ఆపరేషన్ ఇక్కడ మగతనం తీసేస్తుందట. రెండూ అబద్ధాలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్ళయిన ఆడవాళ్ళలో కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు 37.9 శాతం, భర్త చేయించుకున్నవాళ్ళు 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు దాదాపు 70 శాతం, రాష్ట్రాల్లో అదే అత్యధికం. పొట్ట కోయనవసరం లేని చిన్న ఆపరేషన్‌కు మగవాడు భయపడ్డందుకు, పిల్లల్ని కన్న ఆడదే మళ్ళీ బల్ల ఎక్కుతోంది.

టెస్టోస్టెరాన్ నిజంగా తక్కువ ఉండేవాళ్ళు లేరని కాదు. క్లైన్‌ఫెల్టర్ లోపంతో పుట్టినవాళ్ళు, పిట్యూటరీలో గడ్డ ఉన్నవాళ్ళు, గవదబిళ్ళల వల్ల వృషణాలు దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు టెస్టోస్టెరాన్ వైద్యం వరం. దాని నిర్ధారణకు పద్ధతి ఉంది. లక్షణాలు ఉండాలి, పొద్దున్నే తీసిన రక్తంలో రెండు వేర్వేరు రోజులు తక్కువ రావాలి. యూరప్‌లో 40 నుంచి 79 ఏళ్ళ మగవాళ్ళను గట్టి ప్రమాణాలతో పరీక్షిస్తే, వయసుతో వచ్చే ఈ లోపం తేలింది 2 శాతం మందిలో. మిగతావాళ్ళ అలసటకు కారణాలు మనకు కళ్ళెదుటే ఉన్నాయి: పెరిగిన పొట్ట, అదుపు తప్పిన షుగరు, తాగుడు, నిద్రలేమి. 2011లో పదిమంది ఆరోగ్యవంతులైన యువకుల్ని వారంపాటు రోజుకు ఐదు గంటలే పడుకోనిస్తే, పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. నైట్ షిఫ్టు చేసే కుర్రాడికి కావాల్సింది మందు డబ్బా కాదు.

ఆ డబ్బా వెనక్కి తిప్పి చదవండి. చాలావాటి మీద ‘ట్రిబ్యులస్’ అని ఉంటుంది. అది మన పల్లేరే. గట్టు మీద నడిస్తే కాలికి గుచ్చుకునే ఆ ముళ్ళ కాయే పొడై, ఇంగ్లీషు పేరు పెట్టుకుని జిమ్‌లో అమ్ముడవుతోంది. ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాళ్ళకు ఐదు వారాలు ఇచ్చి చూస్తే టెస్టోస్టెరాన్ పెరగలేదు. దీనికి పేరు తెచ్చిన బల్గేరియాలోనే 2005లో పరీక్షించినా అదే ఫలితం. అశ్వగంధ మీద చిన్న చిన్న పరిశోధనల్లో కొంత పెరుగుదల కనబడింది, దాంతో జీవితం మారిపోతుందని చెప్పేంత ఆధారం మాత్రం లేదు. ఇంతకంటే ప్రమాదం, ఆకుల మందు అని అమ్మేవాటిలో చెప్పకుండా అంగస్తంభన మందు సిల్డెనఫిల్ కలపడం. అమెరికా ఔషధ సంస్థ ఇలాంటివి పదేపదే పట్టుకుంది. గుండెజబ్బుకు నైట్రేటు మాత్రలు వాడే మనిషి అది మింగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. లైంగిక సామర్థ్యం పెంచుతామనే మందుల ప్రకటనలను మన చట్టం 1954లోనే నిషేధించింది. గోడ మీది రాతల్ని ఎవరూ ఆపలేదు, ఫోన్‌లోవీ ఆపడం లేదు.

కుర్రాళ్ళ ఆశ ఆరోగ్యం కంటే ఎక్కువగా అందం మీద ఉంది. గడ్డం దట్టంగా రావాలి, దవడ పలకలా ఉండాలి, అప్పుడే అమ్మాయిలు చూస్తారని. గడ్డం ఎంత దట్టంగా వస్తుందన్నది వెంట్రుక కుదుళ్ళ స్పందన మీద, అంటే వంశం మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. గడ్డం తెచ్చే టెస్టోస్టెరానే నెత్తిమీద బట్టతల తెస్తుంది. యవ్వనానికి ముందే వృషణాలు పోయినవాళ్ళకు బట్టతల రాదనీ, బట్టతల వంశంలో ఉన్నవాళ్ళకు టెస్టోస్టెరాన్ ఇస్తే వస్తుందనీ హామిల్టన్ అనే పరిశోధకుడు 1942లోనే చూపాడు. 1998లో స్కాట్లాండ్‌లోనూ జపాన్‌లోనూ కంప్యూటర్‌లో మార్చిన మగ ముఖాల్ని చూపిస్తే, జనం మెచ్చినవి కాస్త సుకుమారంగా మార్చినవి. తర్వాతి అధ్యయనాల్లో ఫలితాలు అటూ ఇటూ వచ్చాయి. పలక దవడే అందానికి కొలత అని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. ఫిలిప్పీన్స్‌లో 624 మంది యువకుల్ని కొన్నేళ్ళు గమనించిన పరిశోధన నాకు మరీ ఇష్టం. తండ్రులైనవాళ్ళలో టెస్టోస్టెరాన్ తగ్గింది. రోజుకు మూడు గంటలో అంతకంటే ఎక్కువో బిడ్డను చూసుకునేవాళ్ళలో మరింత తక్కువగా ఉంది. బిడ్డను ఎత్తుకున్న తండ్రిలో మగతనం తగ్గిందని అంటామా?

ఇక ఇంజెక్షన్లు. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండితే బంతి పైకి లేచి మోటారు దానంతటదే ఆగుతుంది కదా, ఒంట్లోనూ అంతే. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కించగానే మెదడు వృషణాలకు పంపే సంకేతాలు ఆపేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. రక్తం చిక్కబడొచ్చు, కొందరికి రొమ్ములు పెరుగుతాయి. వీర్యకణాలు తగ్గడం ఎంత కచ్చితంగా జరుగుతుందంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మగవాళ్ళ గర్భనిరోధక సాధనంగా పరీక్షించింది. 271 మందికి వారానికి 200 మిల్లీగ్రాములు ఇస్తే, సగం మందికి పైగా వీర్యకణాలు సున్నాకి వచ్చాయి. మరే జాగ్రత్తా లేకుండా ఏడాది కాపురం చేసిన ఆ జంటల్లో నమోదైన గర్భం ఒక్కటి. 1990లో అచ్చయిన విషయం ఇది. జిమ్‌లో ‘సైకిల్’ అంటూ కుర్రాళ్ళు వాడే మోతాదు చాలాసార్లు ఇంతకంటే ఎక్కువ.

వాళ్ళలో చాలామందికి అది పెళ్ళికి ముందు కాలం. ఫొటోల్లో బాగా కనబడాలని, పెళ్ళికూతురి ముందు తీసిపోకూడదని వాడతారు. తర్వాత రెండేళ్ళు పిల్లలు పుట్టరు. అత్తగారు కోడలిని గుళ్ళకు తిప్పుతుంది, నాగప్రతిష్ఠ చేయిస్తుంది. స్కానింగులు ఆమెకే, గొట్టాల పరీక్ష ఆమెకే, ఇరుగుపొరుగు మాటలూ ఆమెకే. కొడుక్కి వీర్యపరీక్ష అంటే మాత్రం ఇంట్లో అందరికీ కోపం వస్తుంది, అంత కండలున్నవాడికి లోపమేమిటని. నాకు మండేది ఇక్కడే. ఆమె మీద కత్తి పెట్టే ముందు చేయాల్సింది కొద్ది ఖర్చుతో, నొప్పి లేకుండా అయిపోయే అతని పరీక్ష. ఇంజెక్షన్లు మానేస్తే చాలామందిలో కొన్ని నెలల్లోనో, ఏడాది రెండేళ్ళలోనో కణాలు తిరిగొస్తాయి, కొందరిలో రావు. వేసుకున్న మందు పేరు, ఎన్నాళ్ళు వేసుకున్నాడన్నది డాక్టరుకు అతనే చెప్పాలి, భార్య ఎదుటే చెప్పాలి.