కూలినచోటే... నూరేళ్ల వంతెన!

అమెరికాలోని మినియాపొలిస్‌లో 2007 ఆగస్టు 1న మిసిసిపీ నదిమీది హైవే వంతెన వాహనాలతో సహా కుప్పకూలింది. 13 మంది చనిపోయారు. ఉక్కు దూలాలను కలిపే పలకలు తగినంత మందంగా లేకపోవడమే కారణమని దర్యాప్తులో తేలింది.

2008 సెప్టెంబరుకల్లా అక్కడే కొత్త వంతెన లేచింది. ఈసారి కాంక్రీటు దూలాలు! చదరపు అంగుళానికి 6,500 పౌండ్ల ఒత్తిడిని తట్టుకునేలా సిమెంటుకి బొగ్గు బూడిద, సిలికా పొడి జతచేశారు. సిమెంటు రేణువుకన్నా ఎన్నో రెట్లు సన్నగా ఉండే ఆ పొడి సందుల్ని పూడ్చేస్తుంది. దాంతో మంచు కరగడానికి రోడ్డుమీద చల్లే ఉప్పు లోపలికి దిగి ఇనుముని తుప్పు పట్టించడం తగ్గుతుంది. అలా నూరేళ్లు నిలిచేలా కట్టినా నిఘా మాత్రం మానలేదు. పగుళ్లూ కదలికలూ ముందే పసిగట్టాలని 300కు పైగా సెన్సర్లు అమర్చారు. ఎంత గట్టి వంతెనకైనా కనిపెట్టుకునే కళ్లుండాలి మరి!